వినకముందే తీర్పు చెప్పేస్తే ఎలా?

కడప: రేడియోలో కొత్త పాట ఒకటి వచ్చిందంటే విన్న నలుగురూ నాలుగు విధాలుగా మాట్లాడతారు. ఒకరు బాగుందంటారు. ఒకరు చెవులు మూసుకుంటారు. ఇంకొకరు ఈ బాణీ ఎక్కడో విన్నట్టుందే అని తల గోక్కుంటారు. నాలుగో మనిషి అప్పటికి ఏమీ అనక, మర్నాడు చేలో కలుపు తీస్తూ అదే పాట కూనిరాగం తీస్తాడు. ఇందులో వింతేమీ లేదు. ఈ నలుగురూ వినకముందే వారందరి తరఫున ఐదో మనిషి ఒకడు గదిలో కూర్చుని "ఇది జనానికి నచ్చదు" అని తేల్చేయడమే వింత.

రేడియోలు పుట్టిన నాటి నుంచి ఈ ఐదో మనిషి అన్ని దేశాల్లోనూ ఉన్నాడు. అతడి లెక్క తప్పితే ఏమవుతుందో తెలియాలంటే ఇంగ్లండులో 1992లో వచ్చిన ఒక పాట సంగతి చెప్పుకోవాలి. ఎక్కడి ఇంగ్లీషు పాట, మనకేం పని అని పాఠకులు అనుకోనక్కరలేదు. అంతకు నలభై యేళ్ల ముందు అటువంటి పనే మన ఆకాశవాణిలోనూ జరిగింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఆక్స్‌ఫర్డ్ నగరానికి దగ్గరలో అబింగ్డన్ అనే ఊరు ఉంది. అక్కడి బడిలో చదువుకున్న ఐదుగురు కుర్రవాళ్లు 1985లో ఒక పాటల బృందం కట్టారు. కొన్నేళ్లకు దానికి రేడియోహెడ్ అని పేరు పెట్టుకున్నారు. పేరులోనే రేడియో ఉన్న ఈ బృందాన్ని మొదట కాదన్నది రేడియోయే కావడం గమనార్హం. వీరు పాడే తరహాను ఇండీ రాక్ అంటారు. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా, చిన్న కంపెనీలను పట్టుకుని సొంతంగా పాటలు చేసుకున్న కుర్రకారు తెచ్చిన తరహా అది. సరిగా చెప్పాలంటే రేడియోహెడ్ రికార్డు వేసిన కంపెనీ చిన్నదేమీ కాదు. అది ఈఎంఐ అనే మహా సంస్థలో భాగం. మన ఇళ్లలోకి కుక్క బొమ్మ రికార్డులు వచ్చింది కూడా ఆ కుటుంబం నుంచే. కంపెనీ పెద్దదైనా పాట తీరు మాత్రం ఆ చిన్నవాళ్లదే కనుక పేరు అలాగే నిలిచింది.

ఆ పాట పేరు 'క్రీప్'. చూడగానే జనం ముఖం చిట్లించి పక్కకు తప్పుకునే మనిషి అని ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు. ఒక యువకుడు ఒక అమ్మాయిని దూరం నుంచి చూసి, ఆమె ఎక్కడ, తానెక్కడ అని లోలోపల కుమిలిపోవడమే పాటలోని విషయం. థామ్ యార్క్ అనే గాయకుడు కాలేజీలో చదువుకునే రోజుల్లో దీన్ని కట్టుకున్నాడు. పాట మెల్లగా, గొణుగుతున్నట్టుగా మొదలవుతుంది. కాసేపు సాగాక గిటారు మీద రెండు మూడు దెబ్బలు ధన్‌మని పడతాయి. తలుపు విరగ్గొట్టినట్టుగా ఉంటుంది ఆ చప్పుడు. రేడియో చెడిపోయిందేమోనని కొత్తగా విన్నవారు ఒక దెబ్బ వేసి చూసినా తప్పుపట్టలేం. ఆ తర్వాత అంతవరకూ గొణిగిన గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది.

ఆ చప్పుడు వెనుక చిన్న కథ ఉంది. గిటారు వాయించే జానీ గ్రీన్‌వుడ్‌కు పాట మరీ మెత్తగా ఉందనిపించి నచ్చలేదట. అందుకని తీగలను గట్టిగా కొట్టాడు. చెడగొడదామని కొట్టిన దెబ్బే పాటకు ప్రాణమైంది. అంటే ఈ పాట మీద మొదటి అసమ్మతి శ్రోతలది కాదు, వాయించినవాడిదే!

1992 సెప్టెంబరులో రికార్డు విడుదలయింది. ఇంగ్లండులో యువకుల కోసం బీబీసీ నడిపే రేడియో వన్ అనే కేంద్రం ఉంది. అక్కడివారు ఈ పాట విని, ఇది మరీ నిరాశగా ఉంది, వింటే మనసు కుంగిపోతుంది అని పక్కన పెట్టారు. వినిపించినా ఒకటి రెండుసార్లకు మించలేదు. రేడియోలో రాని పాట బజారులో ఎలా అమ్ముడుపోతుంది? సుమారు 6,000 రికార్డులు పోయాయి. అమ్మకాల పట్టికలో 78వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఆ దేశంలో పాట కథ అక్కడితో ముగిసినట్టే అనుకున్నారు.

రేడియో వన్ వారి పక్షాన ఒక మాట చెప్పాలి. పొద్దున్నే పనికి పోయేవాడు, లారీ తోలేవాడు, వంట చేసుకునే ఇల్లాలు వినే వేళలో ఏడుపు పాట ఎందుకని వారనుకుని ఉండవచ్చు. వేళను బట్టి పాట ఉండాలన్నది కాదనలేని మాట. మన ఇళ్లలోనూ పెళ్లి పందిట్లో ఎవరైనా దేవదాసు పాట పెడితే పెద్దలు కేకలేస్తారు. కానీ దుఃఖమే దోషమైతే మన రేడియోలో సగం పాటలకు చోటుండేది కాదు. 1953లో వచ్చిన 'దేవదాసు' సినిమాలో ఘంటసాల పాడిన పాటలు విని కుంగిపోయి ఎవరూ పని మానలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ వేయమని ఉత్తరాలు రాశారు. దిగులుగా ఉన్న మనిషికి దిగులు పాటే తోడు అన్నది పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాట లండనులోని ఆఫీసు గదికి చేరలేదు.

పాట అక్కడ ఆగిపోయింది గానీ, ఇజ్రాయెల్‌లో లేచింది. అక్కడి సైన్యం నడిపే రేడియోలో యోవ్ కుట్నర్ అనే ఆయన పాటలు వినిపిస్తుండేవాడు. రికార్డు కంపెనీ తాలూకు మనిషి ఒకరు ఈ పాట ఆయన చేతికి ఇచ్చారు. ఆయనకు నచ్చింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వేశాడు. జనం పట్టుకున్నారు. సొంత దేశంలో ఎవరూ పట్టించుకోని ఆ ఐదుగురు 1993లో టెల్ అవీవ్ వెళ్లి కచేరీలు చేసే స్థితి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక రేడియో కేంద్రం ఈ పాటను రోజూ వేసే జాబితాలో చేర్చుకుంది. అక్కడి నుంచి పశ్చిమ తీరపు కేంద్రాలకు పాకి, ఆ తరహా పాటలకు అమెరికాలో వేసే పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. రేడియో కోసం పాటలో ఉన్న ఒక బూతుమాట తీసేసి వేరే మాట పెట్టి పాడారు. ఆ మాత్రం సర్దుబాటు ఎక్కడైనా ఉంటుంది.

బయటి దేశాల్లో ఇంత గొడవ అయ్యాక 1993 సెప్టెంబరులో ఇంగ్లండులో అదే రికార్డును మళ్లీ విడుదల చేశారు. ఈసారి 7వ స్థానం. బీబీసీ వారి టీవీ కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్'లోకి పిలిపించి పాడించారు కూడా. పాటలో ఒక్క అక్షరం మారలేదు. దేశం అదే, జనం వారే. మధ్యలో గడిచింది ఒక్క యేడాది. మొదటిసారి జనానికి నచ్చక పడిపోయింది అనడానికి వీల్లేదని దీన్నిబట్టి తెలిసిపోతుంది. మొదటిసారి జనం అసలు వినలేదు.

అయితే విన్నవారందరికీ నచ్చిందా అంటే, లేదు. అసలు విషయం ఇక్కడే ఉంది. నా మనసులో ఉన్నదే పాడాడని కొందరు కుర్రవాళ్లు గుండెకు హత్తుకున్నారు. మగపిల్లవాడు ఇలా తనను తాను తిట్టుకుంటూ ఏడవడమేమిటని కొందరు విసుక్కున్నారు. గిటారు దెబ్బ ఒక్కటి చాలు, మిగతాది ఎలా ఉంటే ఏం అన్నవారు కొందరు. ఇక చెవి పదునున్నవారు ఈ బాణీ పాతదే అని పట్టేశారు. 1974లో హాలీస్ అనే బృందం పాడగా పేరొచ్చిన ఒక పాటకూ దీనికీ పోలిక ఉందని తేలి, ఆ పాత పాట రాసిన ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ల పేర్లను కూడా 'క్రీప్' కర్తలలో చేర్చవలసి వచ్చింది. ఫలానా పాట ఫలానా హిందీ పాటకు నకలు అని రచ్చబండ దగ్గర గంటల తరబడి వాదించుకునే మనవారికి ఈ సంగతి చక్కగా అర్థమవుతుంది.

చివరికి పాడినవారికే విసుగు పుట్టింది. ఏ ఊళ్లో కచేరీ పెట్టినా జనం ఈ ఒక్క పాట కోసం కేకలు వేయడం, అది కాగానే లేచిపోవడం జరిగేది. కొన్నేళ్లపాటు వేదిక మీద ఆ పాట పాడటమే మానుకున్నారు. 2016లో మళ్లీ పాడారు. ఈలోగా ఆ పాట వారి చేతుల్లోంచి జారి లోకానికి సొంతమైపోయింది. బెల్జియం దేశపు అమ్మాయిల బృందగానం ఒకటి దాన్ని గుడిలో పాట పాడినంత ప్రశాంతంగా పాడితే, 2010లో ఒక అమెరికా సినిమా ప్రచార చిత్రానికి దాన్ని వాడుకున్నారు. మనసు కుంగిపోతుందని పక్కన పెట్టిన పాట గతి ఇలా అయింది.

ఇక మన సంగతి. 1952లో బి.వి. కేస్కర్ కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయన పండితుడు, శాస్త్రీయ సంగీతం మీద ప్రేమ గలవారు. సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయని ఆయన నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాటలకు కోత పడింది. నిర్మాతలతో తగాదా వచ్చి, కొంతకాలం ఆ పాటలు దాదాపుగా వినిపించకుండా పోయాయి. అప్పుడు జనం ఏం చేశారు? శాస్త్రీయ సంగీతం వినడం మొదలుపెట్టారా? మొదలుపెట్టినవారు ఉన్నారు. ఎక్కువమంది మాత్రం రేడియో ముల్లు తిప్పి సిలోను పెట్టుకున్నారు. యుద్ధకాలంలో సైనికుల కోసం పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్లు కొలంబోలో ఉండేవి. అదే 1952 డిసెంబరులో అమీన్ సయానీ గొంతుతో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. ఒక పళ్లపొడి పేస్టు కంపెనీ ఇచ్చిన డబ్బుతో నడిచిన కార్యక్రమం దేశమంతటినీ వారానికి ఒక రాత్రి రేడియో ముందు కూర్చోబెట్టింది. తెలుగువారికి ఆ తర్వాత సిలోను నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపించింది. ఆ గొంతు గుర్తున్నవారు జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు.

మన పాట మనకు కావాలంటే సముద్రం అవతలి దేశపు రేడియో పెట్టుకోవలసి రావడం ఎంత విచిత్రం! చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వారే వివిధభారతి పెట్టి సినిమా పాటలకు తలుపు తీశారు. అప్పటికీ మంత్రి కేస్కరే. అబింగ్డన్ కుర్రవాళ్ల పాట తిరిగి వచ్చిన దారి, మన సినిమా పాటలు తిరిగి వచ్చిన దారి ఒకటే. ఇంట్లో తోసివేస్తే పొరుగింటికి పోయి, అక్కడ పేరు తెచ్చుకుని, మళ్లీ సొంత ఇంటికి మర్యాదతో వచ్చాయి.

కేస్కర్ చేసినదంతా చెడుగా లెక్కకట్టడం న్యాయం కాదు. సభలకు టిక్కెట్టు కొనలేని పల్లెవాడు పెద్ద విద్వాంసుల కచేరీలు ఉచితంగా విన్నది ఆకాశవాణి పుణ్యానే. సినిమా పాట పక్కకు జరిగిన చోట లలిత సంగీతానికి పెద్దపీట పడింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు చేసిన పని తెలుగు ఇళ్లలో తెల్లవారుజాము రూపాన్నే మార్చింది. మంచిది పెట్టడం వేరు, నచ్చినదాన్ని లాగేయడం వేరు. మొదటిది చేసినందుకు జనం దండం పెట్టారు. రెండోది చేసినందుకు ముల్లు తిప్పారు. ఇదే ఆకాశవాణిలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియానికి ప్రవేశం లేదంటే ఈనాటి కుర్రవాళ్లు నమ్మరు. రాత్రంతా పద్యనాటకం చూసే మన పల్లెల్లో హార్మోనియం లేనిదే తెర లేవదు. అటువంటి వాద్యం రేడియోకు మాత్రం ముప్పై యేళ్లు పనికిరాలేదు!

కాదనే గది లోపలే అవుననే మనిషి కూడా ఉండవచ్చు. అదే బీబీసీ రేడియో వన్‌లో జాన్ పీల్ అనే ఆయన 1967 నుంచి 2004లో చనిపోయే దాకా పనిచేశాడు. ఊరూ పేరూ లేని కుర్రవాళ్లు టపాలో పంపిన టేపులు విని, నచ్చినవి రాత్రివేళ వినిపించేవాడు. 1978లో అండర్‌టోన్స్ అనే బృందం పాట ఎంత నచ్చిందంటే, వెనువెంటనే రెండోసారి వేసేశాడు. ఆయన వేసినవన్నీ అందరికీ నచ్చలేదు. నచ్చాలని ఆయన అనుకోనూ లేదు. ఇది విని చూడండి అనడమే ఆయన పని. అటువంటి మనిషి ఒకడు ప్రతి రేడియో కేంద్రంలోనూ ఉండాలి.

పంచాయతీ రేడియోల రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకరు, సాయంత్రం కాగానే కింద అరుగు మీద ఊరి జనం. ఒకరికి వార్తలు కావాలి, ఒకరికి ధరవరలు, ఒకరికి హరికథ. కుర్రవాడెవడో సిలోను తగిలించగానే పెద్దాయన "ఏందిరా ఆ కూతలు, తీసేయ్" అనేవాడు. "ఈ ఒక్క పాట అయిపోనీ మామా" అని వాడి బతిమాలుడు. ఆ ఒక్క పాట అయ్యేలోగా ఇష్టం లేనివారు కూడా వినేవారు. మూడో రోజుకు ఆ మామే "ఆ పాట రాలేదేమిరా ఈ పొద్దు" అని అడిగిన సందర్భాలు లేకపోలేదు. నచ్చనే నచ్చక లేచిపోయినవారూ ఉన్నారు. ఎవరి మాట వారిది. కానీ అందరూ విన్నాక అన్న మాటలవి.

ఇప్పుడు ప్రతి చెవిలో ఒక తీగ. తీగ కూడా లేని పరికరాలు వచ్చాయి. పైకి చూస్తే ఐదో మనిషి పీడ వదిలినట్టే ఉంది. ప్రపంచంలోని ఏ పాటయినా చేతిలోని ఫోనులో దొరుకుతుంది. అయితే నిన్న ఏం విన్నామో చూసి అటువంటిదే ఈ రోజు ముందు పెట్టడం ఆ ఫోను పద్ధతి. గదిలోని అధికారి పోయి, అతడి పని యంత్రానికి వచ్చింది. అధికారి మీద ఉత్తరం రాయవచ్చు, పత్రికలో విమర్శించవచ్చు. యంత్రాన్ని ఎవరు నిలదీస్తారు? తండ్రి వినేది కొడుకుకు తెలియదు, కొడుకు వినేది తండ్రికి తెలియదు. ఒకే ఇంట్లో ఉండి ఒక పాట మీద పోట్లాడుకునే వీలు కూడా లేకుండా పోవడం శోచనీయం.

దీనివల్ల నష్టపోతున్నది శ్రోతలే కాదు. జిల్లాలో చెక్కభజన, కోలాటం పాటలు కట్టేవారు ఉన్నారు. పట్నంలో కాలేజీలకు పోయి గిటారు పట్టుకున్న పల్లె కుర్రవాళ్లూ ఉన్నారు. సొంతంగా మాట కట్టి, సొంతంగా బాణీ కట్టి, అద్దె గదిలో పాడుకుంటున్నారు. అసలైన ఇండీ అంటే అదే. వీరి పాట ఎక్కడ వినిపించాలి? ఫోనులో పెడితే లక్షల పాటల మధ్య గడ్డివాములో సూదిలా పోతుంది. పెళ్లిళ్లలో పాడదామంటే సినిమా పాటే కావాలంటారు. ఎవరు వింటారయ్యా మీ పాట అనే మాట అబింగ్డన్ కుర్రవాళ్లకు ఎదురైనట్టే వీరికీ ఎదురవుతున్నది. వీరికి టెల్ అవీవ్ ఎక్కడ దొరుకుతుంది?

కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. జిల్లా మాట, జిల్లా పాట ఈ కేంద్రం ద్వారా ఎంతో దూరం పోయాయి. ఈ రోజుల్లో ఆకాశవాణి కేంద్రాలను ఫోనులోని యాప్ ద్వారా కూడా వినవచ్చు కనుక రేడియో సెట్టు లేదనే సాకు లేదు. వారానికి ఒక అరగంట చాలు. ఆ అరగంటలో రెండు పాటలు వేయాలి. ఒకటి జిల్లాలోని కొత్తవారిది, ఒకటి మనకు అలవాటు లేని చోటుది. అది 'క్రీప్' కావచ్చు, అస్సాం పాట కావచ్చు, ఆఫ్రికా పాట కావచ్చు. ముందుగా పాట అర్థం, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుగులో నాలుగు ముక్కలు చెప్పాలి. వేళ రాత్రి భోజనాలయ్యాక పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కొత్తవారిని ఎన్నుకునేటప్పుడు ఆడిషను నియమాలు అడ్డమైతే, ఈ అరగంట వరకైనా వాటిని సడలించే మార్గం అధికారులు చూడాలి.

మరుసటి వారం శ్రోతల ఉత్తరాలు చదవాలి. మెచ్చుకున్నవి మాత్రమే ఏరి చదివే అలవాటు రేడియోకు పాతదే. అది మానుకోవాలి. ఇదేం పాటయ్యా, మా గొడ్లు బెదిరి కట్టుతాడు తెంపుకున్నాయి అని ముద్దనూరు నుంచో మైదుకూరు నుంచో కార్డు వస్తే, దాన్ని కూడా పేరూ ఊరూతో సహా చదివి వినిపించాలి.